నాయన బోర్ల పుస్తకానికి చోటు

మా నాయన బోరు పాయింట్లు చూసేవాడు. మా వైపు ఆ పని చేసేవాళ్ళు ప్రతి రెండు మూడు ఊళ్ళకూ ఒకరుంటారు. వేపపుల్ల పట్టుకుని చేనంతా తిరిగి, ఒకచోట ఆగి, కాలితో గీత గీసి, ఇక్కడ వెయ్యండి అంటారు. నాయన కూడా అదే చేసేవాడు. కాకపోతే పుల్ల పట్టుకునే ముందు చుట్టుపక్కల బావులు చూసి, ఆ నీళ్ళు తాగి, గట్ల మీద రాళ్ళు తిరగేసి చూసేవాడు. పుల్ల సంగతి నన్నడిగితే నేను పెద్దగా నమ్మను. నాయన పుస్తకాలను మాత్రం నమ్ముతాను.

బోరు బండి వచ్చి వేసి వెళ్ళిన మర్నాడు ఆయన మళ్ళీ ఆ చేనికి వెళ్ళేవాడు. ఎన్ని అడుగులు పోయారు, ఎక్కడ రాయి తగిలింది, ఎక్కడ తడి మట్టి వచ్చింది, నీళ్ళు ఎన్ని అంగుళాలు, తియ్యనివా ఉప్పువా, అన్నీ అడిగి బైండు పుస్తకంలో రాసుకునేవాడు. ఊరు, సర్వే నంబరు, రైతు ఎవరు, అన్నీ పక్కనే ఉండేవి. నీళ్ళు పడని చేనికి కూడా వెళ్ళేవాడు. మిగతా పాయింటు వాళ్ళు అలాంటి చేను దరిదాపులకు పోరు, ఆ రైతు ఎదురొస్తే సందు మారుస్తారు. నాయన పోయి, తిట్లు తిని, ఎర్ర సిరాతో రాసుకుని వచ్చేవాడు. తను పెట్టిన పాయింట్లే కాదు, ఇంకొకరు పెట్టి ఎండిపోయిన బోరు గురించి విన్నా అదీ రాసేవాడు. చిన్నప్పుడు నేనొకసారి అడిగాను, పడనివి ఎందుకు రాసుకోవడమని.

"పడినకాడ ఎవురికీ మన పుస్తకంతో పనిలేదురా. పడనికాడే కొన్నాళ్ళకి ఇంకొకడు పోయి మళ్ళీ వేస్తాడు" అన్నాడు.

అలా ఏడు పుస్తకాలయ్యాయి. ఆ తరువాత ఆయన మోకాళ్ళు పోయాయి, వినికిడి తగ్గింది. ఫోన్లో అరిచినా సగం మాటలే అందేవి. దాంతో అడిగేవాళ్ళందరూ నా మీద పడ్డారు. నాది మార్కాపురంలో జిరాక్సు షాపు, ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నింపుతాను. సరిగ్గా జనం క్యూ కట్టినప్పుడే ఫోను మోగేది. "అల్లుడా, మా సర్వే నంబరు మీ నాయన పుస్తకంలో ఉందేమో చూడు." సాయంత్రం ఇంటికి పోయి ఏడు పుస్తకాలూ తిరగేయాలి. ఆ దుమ్ముకు తుమ్ములు ఒకటి. ఆ పుస్తకాలను నెట్‌లో పెట్టేస్తే ఎవరికి వాళ్ళే చూసుకుంటారన్న ఆలోచన పితృభక్తితో వచ్చిందని చెప్పుకోవాలని ఉంటుంది కానీ, నిజానికి విసుగుతో వచ్చింది.

వెబ్‌సైటు అంటే ఏమిటో నాయనకు చెప్పడానికి మిర్చి కోల్డ్ స్టోరేజీ గుర్తు చేశాను. మన పంట మనదే, పెట్టడానికి చోటు ఇంకొకరిది. సంవత్సరానికి ఇంతని బాడుగ కడతాం. ఎవరొచ్చి అడిగినా వాళ్ళు తలుపు తీసి చూపిస్తారు. ఆ చోటు ఇచ్చేవాళ్ళనే హోస్టింగ్ కంపెనీ అంటారు. మన పేరు రాసిన బోర్డు వేరుగా ఉంటుంది, దాన్ని డొమైన్ అంటారు.

నాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంతా విని, "ఆ స్టోరేజీ యాడుంది?" అన్నాడు.

"యాడైనా ఉండొచ్చు నాయనా. బొంబాయి, సింగపూరు."

"అంత దూరమా? రేపు ఏమన్నా అయితే గడప తొక్కి అడిగేదెట్ల?"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. మేము ఏం కొన్నా అలాగే కొంటాం. మోటారు కొన్నా, విత్తనాలు కొన్నా, పెళ్ళికి బంగారం కొన్నా, రేపు తేడా వస్తే పోయి దుకాణం ముందు కూర్చోగలిగినవాడి దగ్గరే కొంటాం. వాడు మన ఊరివాడైతే మంచిది, చుట్టమైతే ఇంకా మంచిది. అందుకని నెట్‌లో కనిపించిన పెద్ద కంపెనీలన్నీ పక్కన పెట్టాను. పొదిలిలో ఉండే మా బావ, ఒంగోలులో ఒకాయన హోస్టింగ్ ఇస్తాడని చెప్పాడు. చూడకుండా ఎలా ఇస్తామని, ఒక ఆదివారం షాపు మూసి, పొదిలి మీదుగా బస్సెక్కి ఒంగోలు వెళ్ళాను.

మేడ మీద ఒక గది. రెండు కంప్యూటర్లు, ఒక ఏసీ, గోడకు ప్రపంచ పటం. ఆయన లేచి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. మాది ఏ ఊరని అడిగాడు. చెప్పగానే ముఖం వెలిగిపోయింది.

"అయ్యో, మా పెద్దమ్మ కూతుర్ని కంభం ఇచ్చామండీ! మీరు మనవాళ్ళే."

అక్కడితో నా పరీక్ష అయిపోయింది. సర్వర్ ఎక్కడుందని అడగలేదు. రోజూ కాపీ తీసి పెడతారా అని అడగలేదు. డొమైన్ ఎవరి పేరున రాస్తున్నారని అడగలేదు. పెద్దమ్మ అల్లుడు ఏం చేస్తాడని అడిగాను. కంభంలో ఎరువుల వ్యాపారమట. వాళ్ళ దుకాణం నాకు తెలుసు. అంతకంటే ఏం కావాలి? మూడేళ్ళకు కట్టేసి, తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిందని కూడా సంతోషపడుతూ ఇంటికొచ్చాను.

ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నాలు జనం లేనప్పుడు షాపులో కూర్చుని ఏడు పుస్తకాలూ ఎక్కించాను. నీళ్ళు పడినవి నల్ల అక్షరాల్లో, ఎండినవి నాయన రాసినట్టే ఎర్ర అక్షరాల్లో. సర్వే నంబరు కొడితే ఆ చేనిలో ఏమేం జరిగిందో వచ్చేస్తుంది. పూర్తయ్యాక ఫోన్లో నాయనకు చూపించాను. ఆయన ఎర్రవి చూపించమన్నాడు. రెండు మూడు చూసి, ఎప్పుడో పుల్లలచెరువు దగ్గర తిట్లు తిన్న ఒక బోరు దొరికితే గట్టిగా నవ్వాడు.

"బాగుందిరా. ఇంక నేను పోయినా పుస్తకం పోదు" అన్నాడు.

ఆ మాట తరువాత నెల తిరగకుండానే, షాపుకు పాసు పుస్తకం జిరాక్సుకు వచ్చిన ఒక పెద్దమనిషి నా కంప్యూటర్లో ఆ సైటు చూశాడు. మౌసుతో కిందికి కిందికి జరుపుకుంటూ పోయి, షాపులో ఉన్న నలుగురికీ వినపడేలా అన్నాడు.

"ఏందబ్బా, మీ నాయన ఇన్నిసార్లు తప్పినాడా? యాడ చూసినా ఎర్రగానే ఉండాది గదా!"

నలుగురూ నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆయన పోయాక కూడా ఆ మాట పోలేదు. అన్నం తింటున్నా గుర్తొచ్చేది. ఈ నేలలో నీళ్ళు పట్టడం ఎంత కష్టమో ఆ మనిషికి తెలియదా, తెలుసు. మిగతా పాయింటు వాళ్ళు తప్పినవి ఎవరూ రాయరు కాబట్టి వాళ్ళెప్పుడూ తప్పనట్టు కనిపిస్తారు. మా నాయన ఒక్కడే రాసుకున్నందుకు ఆయన ఒక్కడే తప్పినవాడయ్యాడు. ఈ అన్యాయానికి నేనే కంప్యూటర్ పెట్టి మరీ ప్రచారం చేస్తున్నానని నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ కోపం అలా ఉండగానే ఒకరోజు పొద్దున ఎవరో ఫోన్ చేసి సైటు తెరుచుకోవడం లేదన్నారు. ఒంగోలుకు ఫోన్ చేశాను. సర్వర్ మారుస్తున్నామండీ, రేపటికల్లా వచ్చేస్తుంది అన్నాడు. వారం రోజులు అదే రేపు నడిచింది. తరువాత ఫోను స్విచ్ ఆఫ్. గడప తొక్కి అడగవచ్చు కదా అని బస్సెక్కి వెళ్ళాను. మేడ మీద గదికి తాళం వేసి ఉంది. ఖాళీ చేసి వెళ్ళిపోయారని కింద దుకాణం ఆయన చెప్పాడు. గడప ఉంది, తొక్కాను కూడా. అడగడానికి మనిషే లేడు.

ఆ తరువాత ఒక్కొక్కటే తెలిసొచ్చాయి. ఆయన తన సొంత సర్వర్ ఇవ్వలేదు, ఇంకెవరి దగ్గరో చోటు బాడుగకు తీసుకుని నాకు తిరిగి బాడుగకు ఇచ్చాడు. అక్కడ ఆయన కట్టడం మానేశాడు. డొమైన్ కూడా ఆయన పేరునే ఉంది కాబట్టి ఆ పేరు కూడా నాకు దక్కదు. నేను పుస్తకాలు చూస్తూ నేరుగా సైటులోనే కొట్టాను కాబట్టి నా దగ్గర ఒక్క కాపీ లేదు. రోజూ ఊరందరికీ కాపీలు తీసిచ్చేవాడిని, నా ఇంటి సరుకుకు కాపీ లేదు. ఈ సంగతి మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పి నవ్వించింది, ఇప్పటికీ చెప్తుంది.

నాయనకు చెప్పడానికి మాత్రం భయపడ్డాను. "కోల్డ్ స్టోరేజీ ఎత్తేసినారు నాయనా, మన సరుకు పోయింది" అన్నాను. ఆయన "పుస్తకాలు ఇంట్లోనే ఉండాయి గదా. మళ్ళీ ఎక్కియ్యి" అన్నాడు, చేనిలో మళ్ళీ విత్తనం వెయ్యమన్నంత తేలిగ్గా.

ఈసారి కంపెనీని జాగ్రత్తగా చూడాలనుకున్నాను. నెల రోజులు అదే పని. ముందు, మాకెవరికీ చుట్టరికం లేని ఆరు కంపెనీలు ఏరుకున్నాను. మొదటి సంవత్సరం చౌకగా ఇచ్చి రెండో సంవత్సరం నుంచి నడ్డి విరిచేవాటిని రెండింటిని తీసేశాను. డొమైన్ నా పేరున, నా ఫోన్ నంబరుతో ఉండాలి. రోజూ వాళ్ళు కాపీ తీయాలి, ఆ కాపీని నేను కావాలన్నప్పుడు నా పెన్ డ్రైవ్‌లోకి దించుకోనివ్వాలి. నచ్చకపోతే సరుకంతా మూట కట్టుకుని ఇంకో చోటికి పోయే వీలుండాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని షాపు గోడకు అంటించాను. వచ్చినవాళ్ళు అదేదో ప్రభుత్వ పథకమనుకుని అర్హతలు ఏమిటని అడిగేవాళ్ళు.

కానీ నా సైటు చూసేవాళ్ళు హైదరాబాదులో ఉండరు. అడవి అంచు ఊళ్ళలో, చేని గట్టు మీద నిలబడి, ఫోను పైకెత్తి పట్టుకుని చూస్తారు. అందుకని ఒక సెలవు రోజు బండేసుకుని పుల్లలచెరువు దాటి, సిగ్నల్ ఒక గీత మాత్రమే వచ్చే ఒక మిట్ట ఎక్కాను. మిగిలిన నాలుగు కంపెనీల దగ్గర ఉన్న ఎవరెవరివో సైట్లు ఒక్కొక్కటే తెరిచి, ఎంతసేపటికి వస్తున్నాయో చూశాను. మేకలు కాసుకుంటున్న ఒక ముసలాయన చాలాసేపు నన్ను గమనించి దగ్గరకొచ్చాడు.

"ఏం పోగొట్టుకున్నావు నాయనా?"

"ఏం లేదు పెదనాయనా, ఏది తొందరగా వస్తుందో చూస్తున్నా."

"బస్సు అయితే ఇటు రాదు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఒక కంపెనీ సైట్లు ఆ మిట్ట మీద అసలు రాలేదు. దాన్ని కొట్టేస్తే మూడు మిగిలాయి. ఆ మూడింటికీ ఒకే ప్రశ్న రాసి పంపాను. అదీ ఆదివారం మధ్యాహ్నం, కావాలనే. "మీ తప్పు వల్ల నా సైటు పోతే ఏం చేస్తారు?" ఒకరు సోమవారం సాయంత్రం రాశారు, మా దగ్గర అలా జరగదండీ అని. ఇంకొకరు ప్రశ్నకు సంబంధం లేకుండా ఆఫర్లు పంపారు. మూడో కంపెనీ వాళ్ళు గంటలోపే జవాబిచ్చారు. మా దగ్గర కూడా తప్పులు జరిగాయి, ఎప్పుడెప్పుడు ఏం జరిగిందో ఈ పేజీలో ఉంది, చదువుకుని నిర్ణయించుకోండి అని ఒక లింకు ఇచ్చారు.

ఆ పేజీ తెరిచాను. సర్వర్లు ఆగిపోయిన రోజులన్నీ వరసగా ఉన్నాయి. ఎంతసేపు ఆగాయి, ఎందుకు ఆగాయి, ఎవరి పొరపాటు, తరువాత ఏం సరిచేశారు, అన్నీ రాశారు. ఒకచోట మా మనిషి ఒకరు పొరపాటున ఒక ఫైలు చెరిపేశారు, క్షమించండి అని కూడా ఉంది. నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. దాచుకోవలసినవి బయట పెట్టుకున్నవాళ్ళు మిగతా సంగతుల్లో అబద్ధం చెప్పరనిపించింది. అప్పటికప్పుడు వాళ్ళనే తీసుకున్నాను. ఆ పేజీ చదువుతున్నంతసేపూ నాకు నాయన పుస్తకం గుర్తు రాలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే ఎలా గుర్తు రాలేదా అని నాకే వింతగా ఉంది. మనసు తనకు వద్దనుకున్నది ఎంత బాగా పక్కకు పెడుతుందో అప్పుడు తెలియలేదు.

ఎందుకంటే అదే వారం నుంచి పుస్తకాలు రెండోసారి ఎక్కించడం మొదలుపెట్టాను, ఎర్రవి వదిలేసి. ఈసారి మా ఆవిడ పక్కన కూర్చుని చదువుతుంటే నేను కొట్టాను. మొదటి ఎర్ర పేజీ దగ్గర ఆమె ఆగింది.

"ఇది చదవాల్నా?"

"వద్దులే. పడినవి ముందు ఎక్కిద్దాం. ఎండినవి తరువాత చూద్దాం."

ఆమె పుస్తకం మీద నుంచి తలెత్తి నన్ను చూసింది. షాపులో ఆ పెద్దమనిషి అన్న మాట ఆమెకు తెలుసు.

"మామ చూస్తే?"

"పోయినసారి చూసినాడు గదా. మళ్ళీ చూడడు."

అలాగే అయింది. నాయన మళ్ళీ చూపించమనలేదు. మొదటిసారి అన్నీ ఉన్నాయి కాబట్టి రెండోసారీ ఉంటాయనుకున్నాడు. నేనన్న ఆ "తరువాత" ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు సైటులో ఎర్రవన్నీ ఉన్నాయి. అవి ఎక్కడానికి ఏం జరగవలసి వచ్చిందో చెప్తాను.

సైటు మాత్రం రెండేళ్ళు అద్భుతంగా నడిచింది. సైటు ఆగితే వెంటనే నా ఫోనుకు కబురు వచ్చేలా పెట్టుకున్నాను, ఆ కబురు ఒక్కసారి కూడా రాలేదు. మార్కాపురంలో కరెంటు పోయి నా షాపు మూతపడినా సైటు తెరిచే ఉండేది. గిద్దలూరు నుంచి, దోర్నాల నుంచి, ఎక్కడెక్కడి నుంచో చూసేవాళ్ళు. ఎవరైనా సొంత సైటు పెట్టుకోవాలని షాపుకొస్తే కుర్చీ వేసి మరీ పాఠం చెప్పేవాణ్ణి. చుట్టరికం చూడొద్దు, కాపీ సంగతి అడగండి, ఆదివారం ప్రశ్న పంపి చూడండి అని. నమ్మకమైన చోటు ఎలా ఎంచుకోవాలో నాకు తెలిసినంతగా ఈ జిల్లాలో ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి.

మొన్నటి ఎండాకాలం పుల్లలచెరువు మండలం నుంచి ఒకామె షాపుకు వచ్చింది. నాయనను అన్నా అని పిలుస్తుంది కాబట్టి నాకు అత్త. చాలా ఏళ్ళ కిందట వాళ్ళ పాత చేనిలో నాయన పెట్టిన పాయింటులో మంచి నీళ్ళు పడ్డాయి. వాళ్ళాయన పోయాక ఆమే సేద్యం చూసుకుంటోంది. ఆధార్ కాగితం జిరాక్సుకు ఇచ్చి, బెంచీ మీద కూర్చుని, నీళ్ళు తాగింది. పక్క ఊళ్ళో కొత్తగా కొన్న చేనిలో బోరు వేశామని చెప్పింది.

"నీళ్ళు ఎట్ల పడినాయి అత్తా?"

"యాడివి నీళ్ళు అల్లుడా. ఒట్టి దుమ్ము. బండి నిలబడినంతసేపూ దుమ్మే లేసింది." గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. "ఇంక ఈ ఏడు బత్తాయి చెట్లు పెట్టేది లేదు. ఉన్న మొక్కలు కూడా వాళ్ళకీ వీళ్ళకీ ఇచ్చేసినా."

"పాయింటు ఎవరు పెట్టినారు?"

"మా దగ్గరాయన ఒకాయనలే. పెట్టినాక మా బిడ్డ నీ సైటులో చూసింది. అంతా చూసుకునే వేసినాం."

చేతిలో ఉన్న కాగితం మిషన్‌లో పెట్టడం మరచిపోయాను. సర్వే నంబరు అడిగి రాసుకున్నాను. ఎందుకని ఆమె అడగలేదు. ఆమె వెళ్ళగానే షాపు మూసి ఇంటికి పోయి పుస్తకాలు తీశాను. నాలుగో పుస్తకంలో ఉంది. అదే నంబరు, పాత రైతు పేరు, ఎర్ర సిరా. "ఎండింది. అడుగునంతా నల్ల పలకరాయి. ఈ చేనిలో మళ్ళీ వేయకూడదు." ఆ రైతు ఎప్పుడో ఊరు విడిచిపోయాడు. బోరు పూడిపోయి, పైన దున్నేసి ఉంటారు. ఆ చేనిలో అలాంటి బోరు ఒకటి ఉండేదని చెప్పగలిగింది ఈ పుస్తకం ఒక్కటే.

నాయన వసారాలో మంచం మీద ఉన్నాడు. పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టి, చెవి దగ్గర కూర్చుని, జరిగింది చెప్పాను. దాయలేదు. షాపులో నవ్విన నలుగురి సంగతీ చెప్పాను. నీ పేరు చెడిపోతుందని వదిలేశాను నాయనా అన్నాను. ఆయన ఆ ఎర్ర అక్షరాల మీద వేలు జరుపుకుంటూ చివరిదాకా చదివాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"పొద్దున ఆటో మాట్లాడు. ఆ చేనికి పోదాం" అన్నాడు.

పొద్దునే ఆటోలో బయలుదేరాం. గతుకుల్లో మోకాళ్ళు నొప్పి పుట్టి పళ్ళు బిగపట్టాడే తప్ప నా భుజం పట్టుకోలేదు. ముందే ఫోన్ చేసి చెప్పాను కాబట్టి చేను దగ్గర అత్త మా కోసం నిలబడి ఉంది. బోరు చుట్టూ బూడిద రంగు రాతిపొడి ఇంకా కుప్పగానే ఉంది. నాయన వంగి ఒక గుప్పెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి వదిలేశాడు. తరువాత గట్టు మీద రాయి చూసుకుని కూర్చున్నాడు. అత్త పక్కన నిలబడింది.

"అమ్మా, తప్పు నాది" అన్నాడు. "ఈ చేన్లో అప్పట్ల ఒక బోరు పోయింది. నాకు తెలుసు. పుస్తకంలో రాయాల్సింది, రాయలే. మరిచిపోయినా. అందుకే మావోని సైటులో రాలేదు. నీకు నష్టం చేసినా తల్లీ."

నాకు యాభై ఏళ్ళు దగ్గర పడ్డాయి. మా నాయన అబద్ధం ఆడగా వినడం అదే మొదటిసారి. ఊరంతా తిట్టినా ఎండింది ఎండిందని రాసుకున్న మనిషి, నా కోసం, రాయలేదని అంటున్నాడు. నా ముఖం చూడకుండా చేని వైపు చూస్తూ అంటున్నాడు. సిగ్గేసింది. ఒక్క క్షణం, ఆ ఒక్క మాటతో ఇది ఇక్కడితో అయిపోతుందిలే అని కూడా అనిపించింది. అలా అనిపించిందని రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

"లేదత్తా" అన్నాను. "నాయన రాసినాడు. ఎర్ర సిరాతో రాసినాడు. నేనే ఎక్కించలేదు. కావాలనే వదిలిపెట్టినా."

నాయన తల అడ్డంగా ఊపాడు, నన్ను ఆపమన్నట్టు. అత్త నా వంక చూడలేదు. గట్టు మీద ఆయన పక్కనే కూర్చుని, ఆయనకు వినపడేలా కొంచెం గట్టిగా మాట్లాడింది.

"నువ్వు రాయకుండా ఉండవని నాకు తెల్వదా అన్నా? మా బిడ్డ ఫోన్లో చూసి, ఈ నంబర్లో ఏం లేదమ్మా అనింది. ఎందుకైనా మంచిది, ఫోన్ చేసి అడగమంటావా అనింది. నేనే వద్దన్నా. ఆ పెద్దాయన ఎండింది కూడా వదిలిపెట్టడు, అందులో లేదంటే ఈడ ఎవురూ వెయ్యలేదనే అర్థం అని చెప్పినా. నీ పుస్తకమని నమ్మి బండిని పిలిచినా."

ఎండ పెరిగింది. కాసేపటికి ఆయన లేవబోతే, ఒక చెయ్యి అత్త పట్టుకుంది, ఇంకో చెయ్యి నేను పట్టుకున్నాను.